అమ్మ పెళ్ళిచీరతో కంచికి

మేము చెన్నై వచ్చి 11 ఏళ్ళయింది, కంచి ఇక్కడికి సుమారు 75 కిలోమీటర్లే, అయినా ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఊరి నుంచి ఎవరొచ్చినా మెరీనా, మైలాపూర్ గుడి, టీనగర్ షాపింగ్, ఇంకా టైముంటే మహాబలిపురం, అంతే, కంచి మాట వస్తే "దగ్గరే కదా ఎప్పుడైనా వెళ్ళొచ్చు" అనుకోవడం, అలా అనుకుంటూనే ఇన్నేళ్ళు గడిచిపోయాయి.

ఈసారి కదిలించింది మా చిన్ని. మూడో క్లాసు చదువుతోంది. అమ్మ నెల్లూరు నుంచి వచ్చిన దగ్గర్నుంచీ రోజూ రాత్రి దాన్ని పక్కలో వేసుకుని ఒక కథ చెప్తుంది, ఆఖర్న మామూలే, కథ కంచికి మనం ఇంటికి. ఒకరోజు అది దుప్పటి తీసేసి లేచి కూర్చుని "అమ్మమ్మా, కంచి అంటే కాంచీపురమే కదా, మా స్కూల్ వ్యాన్ అంకుల్‌ది ఆ ఊరే, మరి మన కథలన్నీ అక్కడికెందుకు వెళ్తాయి" అని అడిగింది. అమ్మ కాసేపు ఆలోచించి, "అది పెద్ద చదువుల ఊరే తల్లీ, ఎక్కడెక్కడి వాళ్ళో పోయి చదువుకునేవాళ్ళంట, కథలు కూడా ఆడకి పోతే భద్రంగా ఉంటాయి" అంది. అంతే, పొద్దున లేచిన దగ్గర్నుంచీ కథలు దాచిన ఊరు చూడాలని ఒకటే గొడవ.

అమ్మ చెప్పింది ఊరికే చెప్పిన మాటేం కాదు. పల్లవుల కంచిలో ఘటిక అని పెద్ద విద్యాపీఠం ఉండేది, కదంబ రాజ్యం పెట్టిన మయూరశర్మ కూడా ముందు అక్కడికి చదువుకోడానికే వెళ్ళాడు, అక్కడ పల్లవుల రౌతుతో గొడవపడి పుస్తకం వదిలేసి కత్తి పట్టాడు, ఆ సంగతి కర్ణాటకలో తాళగుంద శాసనంలో చెక్కి ఉంది. ఇది చిన్నికి చెప్తే చదువు మానేసిన వాడు రాజయ్యాడు అన్న పాయింటు ఒక్కటే పట్టుకుంటుందని చెప్పలేదు.

ఆ రాత్రే వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే అమ్మ మెల్లిగా "పోయేటట్టయితే నా పెళ్ళిచీర కూడా తీసుకపోదాం" అంది. ఆ చీర నాకిద్దామని బ్యాగులో పెట్టుకుని తెచ్చిందంట, ఇన్నాళ్ళూ చెప్పలేదు, ఎందుకంటే మడత దగ్గర చీలింది. 1984లో అమ్మ పెళ్ళికి మా తాతయ్య వడ్లమ్మిన డబ్బుతో నెల్లూరు నుంచి బస్సు మారి బస్సు మారి కంచి వెళ్ళి తెచ్చిన చీర అది, మిరపపండు రంగుకి నెమలికంఠం రంగు అంచు. అది పుట్టిన ఊరికి తీసుకెళ్తే ఆ చీలిక బాగుచేసేవాళ్ళు దొరుకుతారేమో అని అమ్మ ఆశ. నలభై ఏళ్ళు ఆ చీర దాచుకుంది గానీ కంచి మాత్రం తనూ చూడలేదు.

మా ఆఫీసులో ఒకమ్మాయిది కంచే. రెండేళ్ళు పక్కపక్క సీట్లలో కూర్చుని ఇంగ్లీషులో, నా కొచ్చిన అరకొర తమిళంలో మాట్లాడుకున్నాక ఒకరోజు నేను ఫోన్లో అమ్మతో మాట్లాడుతుంటే విని "మీరు తెలుగా, మా ఇంట్లోనూ తెలుగే" అంది, అప్పటిదాకా ఇద్దరికీ తెలీదు. తనని అడిగితే పిళ్ళయార్‌పాళయంలో వాళ్ళ పెద్దత్త ఇంట్లో ఇంకా మగ్గం ఆడుతోందని, తప్పకుండా వెళ్ళమని, తను ముందే ఫోన్ చేసి చెప్తానని చెప్పింది. ఒక శనివారం ప్లాన్ చేశాం.

పొద్దున అయిదున్నరకల్లా పోరూరు దాటేశాం. ఇది మాత్రం ఎవరు వెళ్ళినా పాటించండి, ఎందుకంటే పూందమల్లి నుంచి శ్రీపెరుంబుదూరు దాకా కార్ల ఫ్యాక్టరీలు, వాటికెళ్ళే కంపెనీ బస్సులు, కంటైనర్ లారీలు, ఏడు దాటితే ఆ రోడ్డు మీద నడవడమే మేలు. రెండో కారణం ఇంకా ముఖ్యం, కంచిలో గుళ్ళు మధ్యాహ్నం 12 ప్రాంతంలో మూసేస్తారు, మళ్ళీ నాలుగ్గంటలకే తీసేది. శ్రీపెరుంబుదూరు రాగానే అమ్మ చేతులు జోడించింది, రామానుజాచార్యులు పుట్టిన ఊరని.

అందరూ ముందు కామాక్షి గుడికో ఏకామ్రేశ్వరుడి గుడికో వెళ్తారు. మేము మా ఆయన పట్టుబట్టడం వల్ల ముందు కైలాసనాథుడి గుడికి వెళ్ళాం, ఆ ఒక్క నిర్ణయం ఆ రోజంతటినీ మార్చేసిందని ఇప్పటికీ అనుకుంటున్నా. ఊరికి పడమటి చివర, గుడి ముందు పచ్చటి గడ్డి, దూరంగా గుడివైపే చూస్తూ ఒంటరిగా కూర్చున్న నంది, వాచ్‌మన్ ఒకాయన ఊడుస్తున్నాడు, ఆయనా మేమూ తప్ప మనిషి లేడు. కొబ్బరికాయల వాళ్ళు లేరు, క్యూ లేదు, స్పెషల్ దర్శనం టికెట్ లేదు.

రాజసింహుడు అని పేరున్న రెండో నరసింహవర్మ 8వ శతాబ్దం మొదట్లో కట్టించిన గుడి ఇది. మనం మామూలుగా చూసే నల్లరాతి గుళ్ళలా ఉండదు, అడుగున గ్రానైటు వేసి పైన అంతా ఇసకరాయి, అందుకని లేతగా, పొద్దుటెండలో బెల్లం రంగులో ఉంది. ఇసకరాయి కావడంతో 1300 ఏళ్ళ గాలీ వానా దాన్ని బాగా తినేశాయి, కొన్ని బొమ్మలకి ముఖాలు లేవు, కొన్ని సింహాలు సబ్బు అరిగినట్టు అరిగిపోయాయి. స్తంభానికో సింహం, వెనక కాళ్ళ మీద లేచి గుడిని మోస్తున్నట్టు, చిన్ని వాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టి నలభై దాటాక వదిలేసింది.

గుడి చుట్టూ ప్రాకారానికి లోపలివైపు వరసగా చిన్న చిన్న గూళ్ళలాంటి గుళ్ళు, 58 ఉన్నాయి, ఒక్కోదాంట్లో ఒక మనిషి మాత్రం పట్టేంత జాగా. తపస్సు చేసుకునేవాళ్ళు కూర్చునేవాళ్ళని చెప్తారు. వాటిలో ఒకదాంట్లోకి వంగి చూస్తే లోపల గోడమీద రంగు! మొదట మరక అనుకున్నా. కళ్ళు చీకటికి అలవాటయ్యాక అది ఒక చెంప, ఒక కన్ను, కిరీటం అంచు అని తెలిసింది, ఎర్రమట్టి రంగు గీత, పక్కన కొంచెం ఆకుపచ్చ. మిగతా బొమ్మంతా రాలిపోయింది, ఆ ఒక్క కన్ను మాత్రం మిగిలింది. ఒకప్పుడు ఈ గుడంతా సున్నం పూత మీద ఇలా రంగులతో ఉండేదంట, మనం ఇప్పుడు చూసే బోడి రాయి కాదంట. అమ్మ చాలాసేపు అక్కడే నిలబడి "ఎవరో ఇంత ఓపిగ్గా దిద్దాడు చూడు" అంది, అంతే, ఇంకేం అనలేదు.

లోపల గర్భగుడిలో పదహారు పలకల పెద్ద లింగం. దాని చుట్టూ ప్రదక్షిణం చెయ్యడానికి ఒక సన్నటి దారి ఉంది, దాంట్లోకి పోవాలంటే ఒకచోట నేలమీద పాకి దూరాలి, అవతల మళ్ళీ అలాగే పాకుతూ బయటికి రావాలి, అలా వస్తే మళ్ళీ జన్మ ఉండదని నమ్మకం. అమ్మకి మోకాళ్ళ నొప్పి, వద్దంది. చిన్ని వాళ్ళ నాన్న వెనకాలే దూరి ఇటువైపు తల బయటపెట్టి "అమ్మమ్మా నేను పుట్టేశా" అని అరిచింది, పూజారిగారు కూడా నవ్వారు.

ఒక సంగతి నాకు బాగా పట్టుకుంది. బాదామి చాళుక్యుల రెండో విక్రమాదిత్యుడు పల్లవుల మీద పాత కక్షతో వచ్చి కంచి గెలిచాడు. అంతకుముందు పల్లవులు బాదామిని ధ్వంసం చేశారు కాబట్టి ఇతను ఇక్కడ అదే చెయ్యాలి లెక్కప్రకారం. కానీ ఈ గుడి చూసి దోచుకోకుండా గుడి బంగారం గుడికే వదిలేశాడు, ఆ మాట కన్నడంలో ఇక్కడి స్తంభం మీదే చెక్కించి వెళ్ళాడు. ఆ తర్వాత అతని రాణి లోకమహాదేవి పట్టడకల్లులో కట్టించిన విరూపాక్ష గుడి చూస్తే దీని పోలికే కనపడుతుందంటారు. యుద్ధానికొచ్చినవాడు నిలబడి చూసిన గుడి ముందు మనం నిలబడ్డాం అనుకుంటే ఒళ్ళు పులకరించింది.

అక్కడే గడ్డిలో కూర్చుని ఇంటి నుంచి తెచ్చిన పులిహోర తింటూ చిన్నికి దండి గురించి చెప్పా. పల్లవుల కాలంలో ఈ కంచిలోనే ఉన్న కవి, పదిమంది కుమారులు దేశాలు తిరిగొచ్చి ఒక్కొక్కళ్ళు తమ కథ చెప్పుకునే దశకుమారచరితం సంస్కృతంలో రాశాడు, ఆ కథల్ని 13వ శతాబ్దంలో తిక్కనగారి దగ్గరున్న కేతన తెలుగులో పద్యాలుగా రాసి తిక్కనగారికే అంకితమిచ్చాడు, తిక్కనగారిది మన నెల్లూరే. చిన్ని తినడం ఆపి "అయితే కథలు కంచికి వెళ్ళడమే కాదు, కంచి నుంచి మన ఇంటికి కూడా వచ్చాయి" అంది. నేను డిగ్రీలో కేతన మీద రెండు మార్కుల ప్రశ్నకి జవాబు బట్టీ పట్టా, ఈ ముక్క మాత్రం నాకు తట్టలేదు.

తొమ్మిదిన్నరకి ఏకామ్రేశ్వరుడి గుడి. వీధి మలుపు తిరగ్గానే రాజగోపురం కనపడింది, దాదాపు 190 అడుగులు, కృష్ణదేవరాయలు 1509లో కట్టించింది. మనవాళ్ళకి రాయలంటే హంపి, తిరుపతి, శ్రీకాకుళాంధ్ర విష్ణువు ఇవే గుర్తొస్తాయి గానీ కంచికి ఆయన చేసింది తక్కువ కాదు. పంచభూత లింగాల్లో ఇది పృథివి, మట్టి లింగం. పార్వతమ్మ మామిడిచెట్టు కింద ఇసకతో లింగం చేసి పూజ చేస్తుంటే వేగవతి నదికి వరదొచ్చిందంట, కొట్టుకుపోతుందేమో అని రెండు చేతులా వాటేసుకుందంట, ఆ గాజుల గుర్తులు ఇంకా ఉన్నాయంటారు. అందుకే ఇక్కడ లింగానికి నీళ్ళతో అభిషేకం చెయ్యరు. అమ్మ ఈ కథ వినగానే కళ్ళొత్తుకుంది. ప్రాకారంలో నడుస్తుంటే రెండు పక్కలా స్తంభాలు ఎంతకీ అవ్వవు, రాతి నేల చల్లగా, ఎక్కడో నాదస్వరం, నాకైతే దర్శనం కన్నా ఆ నడక ఎక్కువ నచ్చింది. లోపల మామిడిచెట్టుకి నాలుగు కొమ్మలు, నాలుగు రకాల రుచి కాయలు కాస్తుందని, నాలుగు వేదాలకి గుర్తని చెప్తారు.

కామాక్షమ్మ దగ్గర జనం బాగా ఉన్నారు, గంట పైగా నిలబడ్డాం, చూసింది పది సెకన్లు. ఆ పది సెకన్లే చాలు అనిపించింది అదివేరే సంగతి, పద్మాసనంలో కూర్చున్న అమ్మవారు, చేతిలో చెరకువిల్లు. కంచిలో ఏ శివాలయంలోనూ అమ్మవారికి వేరే గర్భగుడి ఉండదంటారు, ఊరందరికీ ఈవిడే. ఇక్కడుండే బంగారు కామాక్షిని దండయాత్రల భయంతో కొన్ని కుటుంబాలవాళ్ళు రహస్యంగా ఊళ్ళు దాటిస్తూ చివరికి తంజావూరు చేర్చారు, ఆ అమ్మవారిని పూజించే ఇంట్లో 1762లో పుట్టినవాడే శ్యామశాస్త్రి. తమిళదేశంలో పుట్టి ఆ తల్లితో ఆయన మొరపెట్టుకున్నది ఎక్కువగా మన తెలుగులోనే. క్యూలో నా ముందున్న పెద్దావిడ సన్నగా తెలుగు కృతి ఒకటి పాడుకుంటోంది, తెలుగువాళ్ళేమో అని పలకరిస్తే తమిళంలో జవాబిచ్చింది, తెలుగు రాదంట, పాటలు మాత్రం చిన్నప్పట్నుంచీ వచ్చంట.

బయటికొచ్చేసరికి పన్నెండు. ఇక్కడ జరిగింది చెప్పాలి, ఎందుకంటే ఇంకెవరికీ జరక్కూడదు. పార్కింగ్ దగ్గర ఒకతను మర్యాదగా మాటకలిపి, నేత ఇల్లు చూపిస్తా, చూడ్డానికి డబ్బులక్కర్లేదు అని కారు ముందు బండి మీద వెళ్తూ తీసుకెళ్ళాడు, తీరా చూస్తే అది మూడంతస్తుల బట్టల షాపు, ఒక మూల ఆడని మగ్గం ఒకటి పెట్టారు. వచ్చేశాం కదా అని అమ్మ తన చీర బయటికి తీసి ఇది బాగుపడుతుందా అని అడిగింది. కౌంటర్లో అతను మడత కూడా పూర్తిగా విప్పలేదు, అంచుని గోటితో గీకి చూసి, పాత జరీ కాబట్టి వెండి ఉంటుంది, కరగడానికి వేస్తే మూడువేలిస్తాం, దాని మీద ఇంకొంచెం వేసుకుని కొత్త చీర తీసుకోండి అన్నాడు. అమ్మ ఏం మాట్లాడలేదు. చీర మళ్ళీ పాత ధోవతి ముక్కలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కారెక్కింది. పాత పట్టుచీరలు జరీ కోసం కొని కరిగించడం మామూలేనని నాకూ తెలుసు, ఇంటిముందుకి కూడా వస్తారు అలా కొనేవాళ్ళు, కానీ ఆ గోటి గీత చూసినప్పుడు నాకు కడుపులో మండింది. ఆ తిరుగుడులో వైకుంఠ పెరుమాళ్ గుడి పోయింది, గోడల మీద పల్లవుల చరిత్రంతా వరసగా బొమ్మల్లో చెక్కిన గుడి, అది చూడకుండానే వచ్చేశాం.

భోజనం ఏదో తిన్నాం అంటే తిన్నాం. రెండింటికి పిళ్ళయార్‌పాళయం వెళ్ళాం.

సన్న వీధులు, ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని, తలుపు తీసి ఉన్న ఇంట్లోంచి మగ్గం చప్పుడు టక్ టక్ అని వస్తూనే ఉంది, కానీ ప్రతి ఇంట్లోంచీ రాలేదు. మా ఆఫీసమ్మాయి పెద్దత్త గుమ్మంలోనే నిలబడుంది, అరవై దాటుంటాయి, ముక్కుకి రెండువైపులా పుడక, మమ్మల్ని చూడగానే "రాండి రాండి, ఎండలో వస్తిరి, ముందు నీళ్ళు తాగండి" అంది. ఆ మాట వినగానే అమ్మ ముఖం ఎలా విచ్చుకుందో నేను చెప్పలేను. పొద్దున్నించీ ఊళ్ళో ఎవరేం మాట్లాడినా నా వైపు చూస్తూ ఉంది పాపం, ఒక్కసారిగా తన ఊళ్ళో తన వీధిలోకి వచ్చినట్టయింది.

వాళ్ళు పద్మసాలీలు. రాయల కాలంలో ఆంధ్రదేశం నుంచి వచ్చామని పెద్దలు చెప్పేవాళ్ళంట. ఇన్ని తరాలుగా ఇంట్లో తెలుగే. "బయట అరవం, బడిలో అరవం, ఇంట్లోకొస్తే తెలుగు, అది లేకుంటే మాకు అన్నం తిన్నట్టుండదు" అంది ఆవిడ. ఆ తెలుగు మన టీవీ తెలుగు కాదు, "యాడ్నించి", "ఉండాది", "చెప్తుండారు", మధ్యలో తమిళం మాటలు, కానీ కొన్ని మాటలు నేను మా అమ్మమ్మ చనిపోయాక మళ్ళీ వినలేదు.

గదిలో సగం మగ్గమే. నేలలో గుంట, గుంటలో కాళ్ళు పెట్టుకుని వాళ్ళబ్బాయి కూర్చుని నేస్తున్నాడు. పక్కన ఇంకో మనిషి, వాళ్ళ కోడలు. ఇద్దరెందుకు అని చిన్ని అడిగింది. పెద్దావిడ దాని చెయ్యి పట్టుకుని మగ్గం దగ్గర కూర్చోబెట్టి చూపించింది. నిలువు పోగులు పడుగు, అడ్డంగా వేసేది పేక, పేకని ఇటునుంచి అటు మోసేది నాడె. మామూలు చీరకి ఒక్క నాడె చాలు. అసలైన కోర్వై చీరకి మూడు, ఒళ్ళు ఒక రంగు, రెండువైపులా అంచు ఇంకో రంగు కదా, ఒంటికో నాడె, ఈ అంచుకో నాడె, ఆ అంచుకో నాడె. ఒళ్ళు పోగూ అంచు పోగూ కలిసేచోట ఒకదాన్నొకటి పట్టుకోవాలి, అలా పట్టుకునేలా ప్రతి వరసకీ చెయ్యాలి, దానికి రెండో మనిషి పక్కన కూర్చుని ఆ చివరి నాడె వెయ్యాలి. చీర మొత్తం అలాగే. పదిహేను రోజులు పడుతుందంది. కొంగు ఇంకో రంగైతే ఆ పని వేరే, ఒంటి పడుగు పోగు ఒక్కొక్కదానికి కొంగు రంగు పోగుని చేత్తో జతచెయ్యాలి, వేల పోగులు, దాన్ని పేట్ని అంటారు. ఇప్పుడు పక్కన కూర్చునే మనిషి దొరక్క చాలామంది కోర్వై మానేశారంట, పిల్లలంతా శ్రీపెరుంబుదూరు ఫ్యాక్టరీలకి పోతున్నారంట. పొద్దున మా పక్కనుంచి పోయిన ఆ కంపెనీ బస్సులు గుర్తొచ్చాయి.

అమ్మ అప్పుడు చీర తీసింది. భయం భయంగానే తీసింది. పెద్దావిడ చీర అందుకునే ముందు చెయ్యి కొంగుకి తుడుచుకుంది. చాపమీద పరిచి, ముందువైపు చూడనేలేదు, అంచు తిరగేసి వెనకవైపు చూసింది, ఒళ్ళూ అంచూ కలిసేచోట వేలితో మెల్లగా తడిమి, అమ్మ వేలు పట్టుకుని అక్కడ పెట్టి "చూడమ్మా, ఈడ గరుకుగా తగులుతుందే, అదే కోర్వై, ఇద్దరు కూసోని నేసినారు దీన్ని" అంది. నేనూ పెట్టి చూశా. సన్నటి గట్టు, చీర పొడుగునా, బియ్యపునూకంత కూడా ఉండదు, కానీ తెలుస్తుంది. అమ్మ ఈ చీర నలభై ఏళ్ళు దాచుకుని, ఏడాదికోసారి నీడన ఆరేసి మడత మార్చుకుని, ఆ గట్టు ఎప్పుడూ చూసుకోలేదంట.

ఏ ఏడాది కొన్నారు అని అడిగింది ఆవిడ. 1984 అని చెప్తే అప్పట్లో వాళ్ళ మామగారు నేసేవాళ్ళని, పక్కన నాడె వేసింది తనేనని, అప్పటికి ఇరవై నిండలేదని చెప్పింది. ఇది మీరు నేసిందే అయ్యుండొచ్చా అని చిన్ని అడిగేసింది. ఆవిడ నవ్వి "ఊరంతా మగ్గాలే కదా నాయనా అప్పుడు, ఎట్ల చెప్పేది" అంది. కానీ ఆ తర్వాత కూడా ఆ అంచు మీంచి చెయ్యి తియ్యలేదు.

చీలిక గురించి ఉన్నదున్నట్టు చెప్పింది. పట్టు మడతలోనే విరుగుతుంది, ఎప్పుడూ ఒకే మడతలో పెట్టకూడదు, ప్లాస్టిక్ కవర్లో అసలు పెట్టకూడదు, నూలుగుడ్డలో చుట్టాలి. విరిగిన పడుగు మళ్ళీ అతకదు, వెనకాల సన్న పట్టుగుడ్డ వేసి అదే రంగు పట్టుపోగుతో కుడితే ఇంకో ముప్పై ఏళ్ళు ఉంటుంది, కానీ కట్టుకుని కూర్చోవడం లేవడం తగ్గించాలి. కుట్టేది నేనే అని, వారం ఉంచి వెళ్ళమంది. డబ్బులెంతని అడిగితే పోగు ఖరీదు చెప్పింది, చేతి ఖరీదు చెప్పలేదు. మేం పెట్టిన డబ్బు తీసుకోడానికి చాలాసేపు ఒప్పుకోలేదు, చివరికి చిన్ని చేత ఇప్పిస్తే తీసుకుంది. అమ్మ ఆ చీర అక్కడ వదిలేసి వస్తుందనుకోలేదు నేను, ఇంట్లో బీరువా తాళం కూడా ఎవరికీ ఇవ్వని మనిషి. మారుమాట లేకుండా ఇచ్చేసింది.

కాఫీ తాగుతూ చిన్ని గోడమీద క్యాలెండర్ కింద అంటించిన కాగితం చూసింది, మగ్గం లెక్కలు. తమిళంలో రాసుంది. "తెలుగు మాట్లాడతారు కదా, తమిళంలో రాశారేంటి అవ్వా" అంది. "మాకు రాయను రాదు నాయనా, మా నాయనకీ రాదు, నోటితోనే వచ్చింది నోటితోనే పోతుంది" అంది ఆవిడ. తర్వాత దాన్ని "నీకొచ్చునా" అని అడిగింది. చిన్ని తల అడ్డంగా ఊపింది. దాని స్కూల్లో తమిళం, హిందీ, ఇంగ్లీషు. నేను రోజూ ఏడింటికి ఇంటికొచ్చి వంట చేసి ఆదివారం నేర్పిద్దాంలే అనుకుంటూ మూడేళ్ళు. ఆ క్షణంలో కాఫీ గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నా.

నాలుగున్నరకి వరదరాజస్వామి గుడి. చిన్న కంచి అంటారు ఆ వైపుని, పొద్దున చూసినవన్నీ పెద్ద కంచి. చెరువు పక్కన మండపంలో మూలల్లో వేలాడే రాతి గొలుసులు ఉన్నాయి, ఒకే రాతిలోంచి చెక్కిన కడియాలు ఒకదాంట్లో ఒకటి కదులుతాయి. కోనేటి అడుగున అత్తివరదర్, అత్తి చెక్కతో చేసిన స్వామి, 40 ఏళ్ళకోసారి బయటికి తీసి 48 రోజులు దర్శనం ఇస్తారు, 2019లో తీశారు, మళ్ళీ 2059లోనే. చిన్ని వేళ్ళ మీద లెక్కేసి "అప్పటికి నేను అమ్మంత పెద్దదాన్నవుతా" అంది, అమ్మ "నువ్వొచ్చి చూడు, నా పేరు చెప్పి దణ్ణం పెట్టు" అంది. 24 మెట్లెక్కి స్వామిని చూసి, బంగారు బల్లి వెండి బల్లి తాకి వచ్చాం. గరుడ వాహనం చూసి అమ్మ వైకాశి నెలలో గరుడసేవకి మళ్ళీ తీసుకురమ్మంది, మా ఇంట్లో ఎవరైనా ఫలితం లేని చాకిరీ చేస్తే కంచి గరుడసేవ అంటాం కదా, ఆ సేవే ఇది.

ప్రసాదం దగ్గర కంచి ఇడ్లీ కొన్నాం. మామూలు ఇడ్లీ కాదు, వెదురుబుట్టలో మందారై అనే చెట్టు ఆకులు పరిచి పిండి పోసి గంటలు గంటలు ఉడికిస్తారు, మిరియాలు, జీలకర్ర, శొంఠి, నెయ్యి. ముక్కలు కోసి ఇస్తారు. పైన గట్టిగా లోపల మెత్తగా, ఆకు వాసన, ముందు ఏంటిది ఇలా ఉంది అనిపించి మూడో ముక్కకి వదలబుద్ధి కాదు.

తిరుగుదారిలో ఒకటే ట్రాఫిక్, ఇంటికొచ్చేసరికి తొమ్మిదయింది. అమ్మ కథ చెప్పకుండానే నిద్రపోయింది, చిన్ని అంతకన్నా ముందే.

మర్నాడు కారు సర్దుతుంటే వెనక సీట్లో దాని రఫ్ నోట్‌బుక్ దొరికింది. దారిలో ఏదో రాసుకుంటోంది అనుకున్నా గానీ చూడలేదు. ఒక పేజీలో మగ్గం బొమ్మ, గుంటలో కాళ్ళు, పక్కన చిన్న మనిషి, బాణం గుర్తులు, ఒక్కో బాణం దగ్గర ఒక్కో మాట, తమిళ అక్షరాల్లో. కూడబలుక్కుని చదివితే పడుగు, పేక, నాడె. తమిళంలో ప-కీ బ-కీ ఒకటే అక్షరం, క-కీ గ-కీ ఒకటే, అందుకని పడుగు అని రాస్తే పడుకు అన్నట్టు కూడా ఉంది, అది దానికీ తెలిసి పక్కన ఇంగ్లీషులో జి అని రాసి చుట్టూ సున్నా చుట్టింది.

నేను పెన్సిల్ తీసుకుని వాటి కింద తెలుగులో రాశా, పెద్ద పెద్దగా. సాయంత్రం అది చూసి ఏం మాట్లాడకుండా పక్కనే కూర్చుని వాటి మీద దిద్దింది. నాడెలో డ వంపు దగ్గర పెన్సిల్ ఆగిపోయింది, రెండుసార్లు చెరిపింది, మూడోసారి అమ్మమ్మ చెయ్యి పట్టుకుని దిద్దించింది. వచ్చే శనివారం చీర తెచ్చుకోడానికి వెళ్ళినప్పుడు ఆ కాగితం అవ్వకి ఇస్తుందంట, క్యాలెండర్ కింద అంటించమని.